ఆకాశానికి అధికారి ఎవరు?

కొల్లేటి లంకల్లో తాటి దోనె నడిపేవాడిని ఎవరూ లైసెన్స్ అడగరు. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె మీద నిలబడి, చేతిలో గడతో, కిక్కిస పొదల మధ్య నీటిదారి వెతుక్కుంటూ పోయే ఆ మనిషి ఎక్కేవాళ్ళందరికీ తెలిసినవాడే. అతని తండ్రీ తెలుసు. ఏ గాలికి దోనె తీస్తాడో, ఏ గాలికి ‘ఇవాళ వద్దులే’ అంటాడో కూడా తెలుసు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేటికి చేరినప్పుడు మండవల్లి మండలంలోని లంక గ్రామాలకు మళ్ళీ పడవలే దిక్కయ్యాయి. అప్పుడు కూడా జనం చూసుకున్నది పడవ నడిపే మనిషినే.

ఆ లంకల పైనుంచే గన్నవరం విమానాశ్రయానికి దిగే విమానాలు పోతుంటాయి. ఒక్కోదాంట్లో నూట ఎనభై మంది దాకా ఉంటారు. ముందు గదిలో కూర్చున్న ఇద్దరెవరో వాళ్ళలో ఎవరికీ తెలియదు. స్పీకర్లో ఒక పేరు వినిపిస్తుంది, మరునిమిషంలో మరిచిపోతారు. ఆ గది తలుపుకు లోపలినుంచి తాళం. అయినా జనం నిద్రపోతారు, పిల్లలకు పాలు పడతారు, దిగాక ఎవరు కారు తెస్తారో మాట్లాడుకుంటారు. దోనెలో ఉన్నది పరిచయం. విమానంలో పరిచయం లేదు. ఆ ఖాళీలోకి ఒక కాగితం వచ్చి కూర్చుంది. దాని పేరు లైసెన్స్.

ఇంతకీ ఆ కాగితం ఏం చెబుతోంది? అర్హత అనేది పుట్టుకతో వచ్చేదా, చదివి సంపాదించుకునేదా, లేక ఫలానా రోజు ఫలానా గడియకు మనిషి ఉన్న స్థితా? విమానం పుట్టకముందే, ఎన్నో శతాబ్దాల కింద, ఈ దేశంలో ఈ ప్రశ్న మీద పెద్ద వాదమే నడిచింది.

శాస్త్రాల్లో దీన్ని ‘అధికారం’ అన్నారు. ఇవాళ తెలుగులో ఆ మాట వినగానే కుర్చీ, సంతకం, ఆజ్ఞ గుర్తుకొస్తాయి. శాస్త్రంలో దాని అర్థం వేరు. ఒక పని చేయడానికి ఎవడు తగినవాడో చెప్పేది అధికారం, ఆ తగినవాడు అధికారి. వేదాంత గ్రంథం ఏది తెరిచినా మొదట తేల్చేవి నాలుగు: అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం. ఏం చెబుతామో కన్నా ముందు ఎవరికి చెబుతామో తేల్చుకోవాలన్నమాట. జైమిని పూర్వమీమాంసా సూత్రాలు పన్నెండు అధ్యాయాలు. వాటిలో ఆరో అధ్యాయం మొత్తం ఈ ఒక్క అధికార విచారానికే పోయింది. యజ్ఞం ఎవడు చేయవచ్చు? డబ్బు లేనివాడికి అధికారం ఉందా? అవయవలోపం ఉన్నవాడికో? స్త్రీకో? ఈ ప్రశ్నలన్నీ అక్కడ వరసగా వస్తాయి. పైలట్ కావాలనుకునే పిల్లల ఇళ్ళల్లో ఇవాళ వినిపించే ప్రశ్నలు కూడా ఇంచుమించు ఇవే.

చట్టం అడిగేవి ముందు చూద్దాం. మన దేశంలో ఈ లెక్కలన్నీ చూసేది పౌర విమానయాన నియంత్రణ సంస్థ అయిన డీజీసీఏ. పదహారేళ్ళు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్స్ తీసుకోవచ్చు. పద్దెనిమిది నిండితే కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్. ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఎయిర్ రెగ్యులేషన్స్, నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమాన సాంకేతిక విషయాలు రాత పరీక్షలు. ఒక్కోదాంట్లో నూటికి 70 రావాలి. రేడియోలో మాట్లాడటానికి వేరే పరీక్ష ఉంటుంది. దాంతోపాటు 200 గంటలు ఎగరాలి. ఆ 200లో కనీసం 100 గంటలు విమాన బాధ్యత మొత్తం తన మీదే ఉండేలా ఎగరాలి. కనీసం 300 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 555 కిలోమీటర్లు, దారిలో మరో రెండు విమానాశ్రయాల్లో దిగి ఆగుతూ ఒక ప్రయాణం చేయాలి. రాత్రిపూట ఎగరాలి, బయటికి చూడకుండా పరికరాల మీదే ఎగరాలి. ఇదంతా అయ్యాక ఎయిర్‌లైన్లో నడపబోయే విమానం రకానికి విడిగా టైప్ రేటింగ్ చేయాలి. అప్పుడు కుడిపక్క సీటు, అంటే కో-పైలట్ స్థానం, దొరుకుతుంది. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్స్ (ఏటీపీఎల్) కావాలంటే 21 ఏళ్ళ వయసు, 1,500 గంటల అనుభవం ఉండాలి. కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు ఆ తర్వాతి మాట.

ఈ అంకెల మధ్యలో ఏ అంకెకూ లొంగని ఘట్టం ఒకటుంది. మొదటి సోలో. శిక్షకుడు రోజూ పక్కన కూర్చుని నేర్పుతాడు. ఒకరోజు రన్‌వే పక్కన విమానం ఆపించి, బెల్టు విప్పుకుని దిగిపోతాడు. ‘ఒక చుట్టు తిరిగి రా’ అంటాడు. ఏ గంటకు దిగాలో నియమం నిక్కచ్చిగా చెప్పలేదు. ఒకడికి 15 గంటలకు, ఇంకొకడికి 25 గంటలకు. కుర్రాడు గాలికి ఎలా సర్దుకుంటున్నాడో, తప్పు చేశాక వెంటనే ఎలా దిద్దుకుంటున్నాడో, భయాన్ని దాచుకుంటున్నాడా చెప్పుకుంటున్నాడా అన్నది శిక్షకుడు చూస్తాడు. ఈ ఒక్క చోట ఆధునిక చట్టం మళ్ళీ దోనెవాడి లోకానికి వస్తుంది. మనిషిని ఎరిగిన మనిషి తీర్పు మీద ఆధారపడుతుంది. గురువు శిష్యుణ్ణి పక్కన పెట్టుకుని బోధించడం మన సంప్రదాయంలో చాలా కథల్లో ఉంది. గురువు లేచి వెళ్ళిపోవడమే బోధ కావడం మాత్రం విమాన విద్యలో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

ఇక జైమిని ప్రశ్నలు. డబ్బు లేనివాడికి యజ్ఞాధికారం లేదన్న వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. ధనం మనిషికి శాశ్వత లక్షణం కాదు, ఇవాళ లేకపోతే రేపు సంపాదించుకోవచ్చు, కాబట్టి పేదరికం అర్హతను కొట్టేయదన్నాడు. అవయవలోపం విషయంలోనూ అదే చూపు. నయమయ్యే లోపం అడ్డు కాదు. నయం కానిదీ, ఆ కర్మకే ఆటంకమయ్యేదీ అయితే అధికారం లేదు. డీజీసీఏ వైద్య పరీక్ష కూడా అచ్చం ఈ గీతనే గీస్తుంది. కళ్ళజోడు ఉంటే పైలట్ కాలేరని మన ఊళ్ళల్లో ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. అద్దాలతో చూపు ప్రమాణానికి వస్తే పౌర విమానయానంలో చాలు. రంగులు గుర్తుపట్టలేకపోవడం, మూర్ఛ లాంటివి వేరు సంగతి. ప్రమాణాన్ని బట్టి, పనిని బట్టి గీత మారుతుంది కూడా. తెనాలి మూలాలున్న బండ్ల శిరీషకు చూపు సమస్య వల్ల పైలట్ దారిలో వ్యోమగామి కావడం సాధ్యపడలేదు. ఆమె ఇంజినీరింగ్ దారిలో వెళ్ళి 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచు దాకా పోయి వచ్చింది.

డబ్బు విషయంలో మాత్రం జైమిని చెప్పినంత తేలిక కాదు. శిక్షణకు, టైప్ రేటింగ్‌కు కలిపి ఇవాళ ఖర్చు అర కోటి దాటి కోటి దాకా పోతోంది. చేపల చెరువుల మీద బతికే ఈ ప్రాంతంలో ఒక కుటుంబం దగ్గర ఆ సొమ్ము రావాలంటే భూమి కదలాలి. ‘రేపు సంపాదించుకోవచ్చు’ అన్న మాట పద్దెనిమిదేళ్ళ పిల్లకు అక్కరకు రాదు. అర్హత ఉన్నా స్తోమత లేక ఆగిపోయిన పిల్లల లెక్క ఏ రికార్డులోనూ ఉండదు. ఈ విద్యలో ఉన్న అన్యాయం ఇదే. దీన్ని దాచి పైలట్ జీవితం గురించి మెరుగులు దిద్ది చెప్పడం తప్పు.

స్త్రీ విషయంలో జైమిని కాలానికి ముందున్నాడు. పురుషుడికే యజ్ఞాధికారమన్న ఐతిశాయనుడి పక్షాన్ని ఖండించి, స్త్రీకీ ఫలం మీద కోరిక ఉంది, ఆమెకూ అధికారముందన్నాడు. అయితే భర్తతో కలిసి చేయాలన్నాడు. ప్రేమ్ మాథుర్ కథ ఇక్కడ తప్పకుండా గుర్తు చేసుకోవాలి. 1947లో ఆమె కమర్షియల్ లైసెన్స్ సంపాదించింది. ఎనిమిది సంస్థలు కాదన్నాక హైదరాబాద్ కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగమిచ్చింది. కో-పైలట్‌గా ఎగరనిచ్చారు, కమాండ్ అడిగితే ఇవ్వలేదు. ఎగరవచ్చు గాని పక్కన పురుషుడుండాలి! రెండు వేల ఏళ్ళ నాటి షరతు బేగంపేట రన్‌వే మీదికి దిగొచ్చింది. 1949లో ఆమె జాతీయ ఎయిర్ రేస్ గెలిచింది. అర్హత లేనిది ఎవరికో ఆ ఒక్క పందెం చెప్పింది.

వర్ణం దగ్గరికొచ్చేసరికి జైమిని తలుపు మూశాడు. ఆయనకన్నా ముందు బాదరి అనే ఆచార్యుడు కర్మాధికారం అందరికీ ఉందన్నాడు. జైమిని ఆ పక్షాన్ని తోసిపుచ్చాడు. శతాబ్దాలపాటు ఈ దేశం నడిచింది జైమిని మాట మీదే. శాస్త్రం ‘తగినతనం’ అన్న మాట పుట్టుకకు ముడిపడింది, ముడి బిగుసుకుపోయింది. ఒక విచిత్రం మాత్రం అదే అధ్యాయంలో ఉంది. రథకారుడికి, అంటే ఆ పేరున్న కులంవాడికి, వర్షాకాలంలో అగ్న్యాధానం చేసే అధికారం ప్రత్యేకంగా ఒప్పుకున్నారు. రథం పేరు మోసినవాడి కోసం తలుపు కొద్దిగా తెరిచారన్నమాట. ఇవాళ ఆకాశం పూర్తిగా బాదరి పక్షాన ఉంది. గాలి ఎవరి గోత్రమూ అడగదు.

విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య జీవితం దీనికి దగ్గరి సాక్ష్యం. పఠాన్‌కోట్‌లో పుట్టింది. తండ్రి సైన్యంలో పనిచేసి విజయవాడలో స్థిరపడ్డారు. పదిహేడేళ్ళకు ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీలో చేరింది. తల్లిదండ్రులు అప్పు చేశారు. అక్కడ ఆమెను ఇబ్బంది పెట్టింది ఇంజిన్లు కాదు, ఇంగ్లీషు. మాట్లాడటం సరిగా రాక ఎగతాళి పడ్డానని ఆమె తర్వాత చాలాసార్లు చెప్పుకుంది. పంతొమ్మిదేళ్ళకు ఎయిర్ ఇండియాలో చేరి, బోయింగ్ 737 శిక్షణకు స్పెయిన్ వెళ్ళింది. 2017లో, ముప్ఫై ఏళ్ళకు, బోయింగ్ 777కు కమాండర్ అయింది. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ విమానానికి కమాండర్ అయిన మహిళ అప్పటికి లేదు. ఇంగ్లీషు భయంతో మండవల్లిలోనో కైకలూరులోనో వెనక బెంచీలో కూర్చున్న పిల్లకు ఈ కథ కావాలి. అంతర్జాతీయ నియమం ప్రకారం పైలట్‌కు కావలసింది ఆరు స్థాయిల్లో నాలుగో స్థాయి ఇంగ్లీషు. యాస మీద నిషేధం లేదు, అవతలివాడికి అర్థమైతే చాలు. పరీక్షిస్తున్నది పెంపకాన్ని కాదు, పనిని.

సరే, చదువైంది, గంటలైనాయి, లైసెన్స్ చేతికొచ్చింది. దాంతో అర్హత పూర్తయిందా? అసలు తత్వం ఇక్కడ మొదలవుతుంది.

మబ్బుల్లో ఎగిరే మనిషికి మొదట అబద్ధం చెప్పేది అతని ఒళ్ళే. చెవి లోపలి సమతుల్యతా వ్యవస్థ నెమ్మదిగా జరిగే ఒరుగును పసిగట్టలేదు. విమానం ఒరిగి ఉన్నా నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. సరిచేయగానే అవతలి వైపు పడిపోతున్నట్టు ఉంటుంది. అందుకే ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణలో మొదటి పాఠం ఇంద్రియాలను నమ్మవద్దని. త్రాడును పాముగా చూసే ఉదాహరణతో వేదాంతులు చెప్పిందీ ఇదే. ప్రత్యక్షం కూడా దోషంతో కూడితే ప్రమాణం కాదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఇంద్రియాలను గుర్రాలుగా, మనసును పగ్గంగా, బుద్ధిని సారథిగా చూపింది. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోసం కళ్ళకు అడ్డు పెట్టుకుని డయళ్ళు చూస్తూ ఎగిరే విద్యార్థి ఆ రూపకాన్ని ఒంటితో నేర్చుకుంటాడు.

మరి పరికరమే అబద్ధమాడితే? 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయికి బయల్దేరిన ఎయిర్ ఇండియా 855, ‘ఎంపరర్ అశోక’ అనే బోయింగ్ 747, లేచిన రెండు నిమిషాల్లోపే అరేబియా సముద్రంలో పడింది. 213 మంది పోయారు. కెప్టెన్ ముందున్న పరికరం విమానం కుడికి ఒరిగినట్టు చూపిస్తూ నిలిచిపోయింది. ఆయన దాన్ని నమ్మి ఎడమకు తిప్పుతూ పోయారు. బయట చీకటి సముద్రం. ఆకాశమెక్కడ ఆగిందో, నీళ్ళెక్కడ మొదలయ్యాయో తెలియదు. అదే గదిలో సరిగా పనిచేస్తున్న పరికరం మరొకటి ఉంది. ఇంద్రియాన్ని నమ్మవద్దు, ఒక్క పరికరాన్నే గుడ్డిగా నమ్మవద్దు, రెండో ప్రమాణంతో సరిచూసుకో. న్యాయశాస్త్రంలో సంవాదం అనే మాట ఉంది. ఒక జ్ఞానం ఇంకో జ్ఞానంతో కలిసి రావడం. పైలట్ చూపు ఒక డయల్ మీద ఆగకుండా తిరుగుతూ ఉండాలని నేర్పేది ఆ సంవాదం కోసమే. అంటే అర్హత తెలిసినతనంలోనే లేదు. తెలిసినదాన్ని క్షణక్షణం అనుమానించి సరిచూసుకునే అలవాటులో ఉంది.

మన ఇతిహాసాలు పైలట్ల గురించి ఆలోచించలేదు. పుష్పకం యజమాని మనసెరిగి దానంతటదే పోయేది, నడిపేవాడి అవసరమే లేదు. సారథుల గురించి మాత్రం చాలా లోతుగా ఆలోచించాయి. కర్ణుడికి శల్యుణ్ణి సారథిగా పెట్టారు. గుర్రాల విద్యలో శల్యుడు కృష్ణుడికి తీసిపోడు. అర్హత పత్రం అడిగితే ఇద్దరి దగ్గరా ఉంటుంది. కాని రథం మీద ఉన్న ఇద్దరి మధ్య నమ్మకం లేదు. శల్యుడు దారి పొడుగునా కర్ణుణ్ణి కించపరిచాడు. తీరా సర్పాస్త్రం ఎక్కుపెట్టినప్పుడు, ఆ గురి మెడకు తగలదు, మళ్ళీ చూసుకొమ్మని శల్యుడు నిజమే చెప్పాడు. రెండుసార్లు గురి పెట్టే అలవాటు తనకు లేదన్నాడు కర్ణుడు. బాణం కిరీటాన్ని మాత్రమే తీసుకుపోయింది.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో జరిగింది ఇదే. పొగమంచు. కేఎల్ఎం విమానం కెప్టెన్ ఆ సంస్థలో పైలట్లకు శిక్షణనిచ్చే పెద్ద. లైసెన్సుల మీద సంతకాలు పెట్టే చేయి. రన్‌వే మీద పాన్ అమెరికన్ విమానం ఇంకా ఉందేమోనని వెనక కూర్చున్న ఫ్లైట్ ఇంజినీర్ సందేహంగా అడిగాడు. లేదని కెప్టెన్ గట్టిగా అన్నాడు. ఇంజినీర్ ఊరుకున్నాడు. రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. 2010 మే 22న మంగళూరులో కో-పైలట్ దిగకుండా మళ్ళీ పైకి లేద్దామని హెచ్చరించినా కెప్టెన్ దింపడానికే ప్రయత్నించారు. 158 మంది పోయారు, ఎనిమిది మంది బతికారు. టెనెరిఫె లాంటి ప్రమాదాల తర్వాతే ‘క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్’ అనే శిక్షణ పుట్టి ప్రపంచమంతా తప్పనిసరి అయింది. చిన్నవాడు నోరు విప్పడం, పెద్దవాడు వినడం అందులో పాఠాలు. మన గురుశిష్య సంప్రదాయం మీద ప్రేమ ఉన్నవాళ్ళు దీన్ని కొంచెం నింపాదిగా ఆలోచించాలి. ఎదురు చెప్పకపోవడమే వినయమని పిల్లలకు నేర్పుతున్నాం. ఆ వినయం కాక్‌పిట్‌లో ప్రాణం తీస్తుంది. ‘సార్, గురి తప్పింది’ అనగలిగే కుర్రాడు, ‘అవునా, చూద్దాం’ అనగలిగే సారు, ఇద్దరూ అర్హులైతేనే విమానం అర్హమవుతుంది.

ఛాందోగ్యంలో సత్యకాముడి కథ అందరికీ తెలిసిందే. గోత్రం ఏమిటని గురువు అడిగితే, అది తనకూ తెలియదని తల్లి చెప్పిన మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. గౌతముడు అతన్ని శిష్యుడిగా తీసుకున్నాడు. నిజం దాచకపోవడమే అర్హత అయింది. పైలట్ వైద్య పరీక్ష ఫారం నింపేటప్పుడు ఎదురయ్యే పరీక్షా ఇదే. వచ్చిన జబ్బులు, వాడుతున్న మందులు తానే రాయాలి. 2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ విమానాన్ని ఆల్ప్స్ కొండలకేసి కొట్టిన కో-పైలట్ దగ్గర లైసెన్స్ ఉంది, గంటలున్నాయి, మానసిక అనారోగ్యానికి డాక్టర్లు రాసిచ్చిన సెలవు కాగితాలూ ఉన్నాయి. వాటిని దాచాడు. 150 మంది పోయారు. తప్పు అతనిదే. కాని నిజం చెబితే బతుకుతెరువు పోతుందన్న భయం పెట్టే వ్యవస్థ సత్యకాములను తయారు చేయలేదు. చెప్పినవాణ్ణి వెలివేయకుండా నయం చేసి వెనక్కి తీసుకొచ్చే దారి ఉండాలి.

కాగితమే దొంగదైన సందర్భాలూ ఉన్నాయి. 2011లో మన దేశంలో నకిలీ మార్కుల పత్రాలతో ఏటీపీఎల్ సంపాదించిన పైలట్లు దొరికి అరెస్టయ్యారు. 2020లో పాకిస్తాన్ విమానయాన మంత్రి తమ దేశంలో 860 మంది పైలట్లలో 262 మంది లైసెన్సులు అనుమానాస్పదమని పార్లమెంటులో చెప్పి ప్రపంచాన్ని ఉలిక్కిపడేలా చేశారు. నకిలీ సర్టిఫికెట్టు మనకు కొత్త కాదు. ఉద్యోగాల్లో చూశాం, పదోన్నతుల్లో చూశాం, ‘ఏదో బతుకుతున్నాడులే’ అని ఊరుకున్నాం. ఆకాశం అలా ఊరుకోదు.

అందుకే కాబోలు, పైలట్ లైసెన్స్ మిగతా పట్టాల లాంటిది కాదు. డిగ్రీ ఒకసారి వస్తే చచ్చేదాకా ఉంటుంది. పైలట్ అర్హతకు గడువుంది. వైద్య పరీక్ష కనీసం ఏడాదికోసారి. ఏడాదికి రెండుసార్లు సిమ్యులేటర్లో ఇంజిన్ ఆగినట్టు, మంటలొచ్చినట్టు పెట్టి పరీక్షిస్తారు. ఇరవై ఏళ్ళ అనుభవమున్న కెప్టెన్ కూడా అక్కడ విద్యార్థే. తొంభై రోజుల్లో మూడుసార్లు విమానం లేపి దింపకపోతే ప్రయాణికులను ఎక్కించుకునే అర్హత పోతుంది, మళ్ళీ చేసి చూపించాలి. డ్యూటీకి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదు. ఊపిరి పరీక్షలో మొదటిసారి దొరికితే మూడు నెలలు సస్పెన్షన్. 65 ఏళ్ళు నిండితే వాణిజ్య విమానం నడపడం ముగిసిపోతుంది. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్‌వాళ్ళు వేసిన రన్‌వే ఇప్పటికీ ఉంది. ఒకనాడు విమానాలు దిగినా, ఇవాళ అది విమానాశ్రయం కాదు. వాడుక ఆగిన అర్హత ఎలా ఉంటుందో చూడాలంటే అక్కడికి వెళ్ళి నిలబడితే చాలు.

శంకరులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే అధికారి లక్షణాలు చెప్పారు. నిత్యమేదో అనిత్యమేదో తెలిసే వివేకం, వైరాగ్యం, శమదమాది ఆరు గుణాలు, ముముక్షుత్వం. ఈ నాలుగింటిలో పుట్టుక లేదు, పట్టా లేదు. అన్నీ మనసు ఉన్న తీరుకు సంబంధించినవే. శూద్రుడి అధికారాన్ని అదే భాష్యం ఇంకోచోట కాదంది నిజమే. ఆ నాలుగు లక్షణాల జాబితా అయిన సాధన చతుష్టయాన్ని మాత్రం దానికదే చదివితే అది స్థితిని అడుగుతోంది, వంశాన్ని కాదు. స్థితి అన్నది నిన్న ఉండి ఇవాళ లేకపోవచ్చు. నిన్న శమం ఉన్నవాడికి ఇవాళ కోపం రావచ్చు. శాస్త్రం ఇంతదాకా వచ్చి ఆగింది. ఆ స్థితి ఉందో లేదో ఆరు నెలలకోసారి బయటివాడు వచ్చి చూడాలని మాత్రం అనలేదు. విమానయానం ఆ ఒక్క అడుగు ముందుకు వేసింది. మఠాధిపతులకు, మంత్రులకు, ప్రొఫెసర్లకు, పత్రికలవాళ్ళకు కూడా అలాంటి ఏర్పాటు ఉంటే ఈ దేశం ఇంకోలా ఉండేది.

మీమాంసకులు అధికారానికి ఇంకో నిర్వచనం ఇచ్చారు. ఫలానికి యజమాని కావడం, ఫలస్వామ్యం. పని ఫలం ఎవడికి చెందుతుందో వాడే అధికారి. జడ్జి తీర్పు చెబుతాడు, జైలుకు వెళ్ళడు. ఇంజినీరు వంతెన కడతాడు, దాని కింద ఉండడు. పైలట్ మాత్రం తన పని ఫలంలో కూర్చునే ఆ పని చేస్తాడు. దోనెవాడూ అంతే. ఈ మాట కొల్లేటి మనుషులకు విడమరచి చెప్పనక్కరలేదు. 2002 మార్చి 3, ఆదివారం ఉదయం, భీమవరం నుంచి బయల్దేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో పడింది. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి చనిపోయారు. ఆయనతోపాటు భద్రతాధికారి, పైలట్ కూడా. దేశంలో అంత పెద్ద పదవిలో ఉన్న మనిషికీ, ఆయనను తీసుకెళుతున్న పైలట్‌కూ ఆ ఉదయం ఫలం ఒక్కటే అయింది.

కాబట్టి ఈ ప్రాంతంలో పైలట్ కావాలని పిల్లో పిల్లవాడో అడిగిన ఇంట్లో పెద్దలకు ఒక విన్నపం. మొదట భూమి కాగితాలు బయటికి తీయకండి. శిక్షణ సంస్థ ప్రకటనా చూడకండి. ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్ 2 వైద్య పరీక్ష చేయించండి, ఆ తర్వాత క్లాస్ 1. అడిగినవాటికి నిజం రాయమనండి. చేరబోయే సంస్థకు డీజీసీఏ అనుమతి ఉందో లేదో చూడండి, అక్కడ ఎన్ని విమానాలు నిజంగా ఎగురుతున్నాయో వెళ్ళి కళ్ళారా చూడండి. తప్పు చేసినప్పుడు మీ పిల్ల దాచుకుంటుందా, వచ్చి చెబుతుందా అన్నది మీకు తెలుసు. ఆ సంగతి ఏ వైద్య పరీక్షలోనూ తేలదు, దాన్ని ఇంట్లోనే తేల్చుకోండి. క్లాస్ 2 పరీక్ష చేసే డాక్టర్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లో ఉంది.